దారం కింది రంగు

సుందరాబాయి విసిరేసి వెళ్లిన తెల్లగుడ్డను ఇంట్లో ఎవరూ ముట్టుకోలేదు. నిన్న సాయంత్రం ఎక్కడ పడిందో, ఇవాళ పొద్దున పది దాటినా అక్కడే ఉంది, నడిమింట్లో, కోడలు చేసిన రెండు పెళ్లిపీటల పక్కన. గుడ్డ మీద అరచేయంత నారింజ మరక.

బాలమణి దాని చుట్టూ తిరిగి నడుస్తోంది. ఊడ్చేటప్పుడు కూడా చీపురు దాని దాకా తెచ్చి పక్కకు తిప్పింది. తర్వాత బీడీల చాట ఒళ్లో పెట్టుకుని గోడకు చేరగిలబడింది. రోజూ ఈపాటికి మూడు వందల బీడీలు చుట్టే చేతులు ఇవాళ యాభై దగ్గరే ఆగిపోయాయి.

"తిన్నడా?" అంది కోడలితో, గొంతు తగ్గించి.

స్వాతి తల అడ్డంగా ఊపింది. మామగారి కంచం మీద మూత అట్లాగే ఉంది. రాత్రిది ఒకటి, పొద్దుటిది ఒకటి.

"ఆ మనిషి మొండితనం నాకెరుకే. అప్పుడెప్పుడో కార్ఖానాల ఒక్క లాట్ నూలు రంగు ఇడిసిందని మూడు దినాలు పస్తున్నడు. అది ఈన తప్పు సుత కాదు. రంగు మసాలా కలిపినోడు వేరే." బాలమణి ఒక ఆకు తీసి, చూసి, మళ్లీ చాటలో వేసింది. "గసొంటి మనిషికి ఇంట్ల ఆడపిల్ల సంబంధం కాడ ఈ మాట పడేటట్టు చేస్తివి."

రంగు వేయలేదని నిన్నటి నుంచి చెప్పి చెప్పి స్వాతికి నోరు నొప్పెట్టింది.

బాలయ్య నలభై ఏళ్లు నూలుకు రంగులేసిన మనిషి. సోలాపూర్ అశోక్ చౌక్ దగ్గరి రంగు కార్ఖానాలో ఆయన చేయి పడిన నూలు పది ఉతుకులకు కూడా చెక్కుచెదరదని పేరు. కార్ఖానా మూతబడి ఆరేళ్లయింది. అయినా భవాని పేట్‌లో ఆయన్ని ఇవాళ్టికీ పక్కారంగు బాలయ్య అనే పిలుస్తారు. అట్లాంటి మనిషి గడపలో పీటలు తిరిగి తెచ్చి దించి, కాబోయే వియ్యపురాలు సుందరాబాయి నిన్న ఏమన్నది? "మామూలు చెక్కకు ఎర్రరంగు పూసి అంటగట్టిన్రు అన్నా. కచ్చా రంగు. కుంకుమ తీరు పీటలిచ్చి నెలకే నల్లపీటలు చేసిన్రు. నల్లపీట మీద నా కొడుకును కూసోబెట్టి పెండ్లి చేయను. రేపు మధ్యాహ్నం వస్త. ఏం సంగతో తేల్చి చెప్పున్రి."

ఇంకో ఇంట్లో అయితే ఇది చెక్క గొడవ. ఈ ఇంట్లో మాత్రం ప్రాణం మీదికొచ్చిన మాట.

ఋతుజ కిటికీ దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. పెళ్లికూతురు తనే. పెళ్లి ఆగినా జరిగినా తనకేం పట్టనట్టు నిన్నటి నుంచి ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కొంతం చౌక్ దగ్గరి ఆఫీసులో కంప్యూటర్ మీద చద్దర్లకు డిజైన్లు గీస్తుంది. ఇవాళ సెలవు పెట్టించింది తల్లి.

నైట్ డ్యూటీ దిగి వినాయక్ వచ్చాడు. టవల్ కార్ఖానా దూది ఇంకా జుట్టులోనే ఉంది. చెప్పులిప్పి, తెల్లగుడ్డను చూసి, దాటి వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"మంగేశ్‌కు ఫోన్ చేసిన," అన్నాడు పెళ్లాం వైపు చూడకుండా. "రెండు గంటలకు టెంపో తెస్తడు."

"టెంపో ఎందుకు?"

"ఎందుకేంది. లేత్ తీసుకపోనీకి. పాత ఇనుము కొనే భంగార్ దుకాణంలకు."

స్వాతి చేతిలోని గ్లాసు కింద పెట్టింది. "ఎవరు చెప్పిన్రు?"

"నాన్న. నిన్న నేను డ్యూటీకి పోయేటప్పుడు."

"నాకు చెప్పలే."

"నీతోని మాట్లాడుతలేడు కద."

షెడ్డులో ఒకప్పుడు బట్ట నేసే నాలుగు సాంచాలుండేవి. అవి పోయాక ఖాళీ అయిన చోటులో చెక్కను తిప్పి చెక్కే స్వాతి లేత్ వచ్చింది. అది ఆమె తండ్రి పెంటప్పది. ఆయన బతికినన్నాళ్లు దాని మీద సాంచాలకు బాబిన్లు, కండెలు తిప్పాడు. మగపిల్లలు లేని ఇంట్లో పని నేర్చుకున్నది ఈ ఒక్కతే. తండ్రి పోయాక ఆ ఇంటి నుంచి ఆమె తెచ్చుకున్నది ఈ లేత్ ఒక్కటే. ఆడమనిషి రంపం పట్టుకోవడం ఏమిటని రెండేళ్ల కింద బాలయ్య ససేమిరా అంటే, మూడు వారాలు తండ్రితో కొట్లాడి దాన్ని ఇంట్లోకి తెప్పించింది ఋతుజ.

"నువ్వన్న చెప్పొచ్చు కద మామకు," అంది స్వాతి.

"ఏం చెప్పాలె?"

"రంగెయ్యలే అని."

వినాయక్ ముఖం తుడుచుకున్నాడు. నిద్ర లేని కళ్లు ఎర్రగా ఉన్నాయి. "స్వాతీ, నిజం చెప్పు. ఇంట్ల మనమే ఉన్నం. రంగేసినవా?"

ఆ మాట ఆమెకు సుందరాబాయి అన్న మాటలకంటే గట్టిగా తగిలింది.

"ఆ చెక్క మోసుకొచ్చింది నువ్వే కద. కట్టెల వఖార్ల నుంచి సైకిల్ మీద."

"అందుకే అడుగుతున్న. నేను తెచ్చినప్పుడు మట్టిరంగు ఉండె. నువ్వు షెడ్డుల పెట్టుకున్నంక ఎర్రగయింది. ఇప్పుడు చూస్తే మళ్ల నల్లగయింది. నాకేం సమజ్ కావాలె?"

"అది పడాక్. ఆఫ్రికా చెక్క. మీద మురికి రంగు ఉంటది, కోస్తే లోపల ఎర్రగుంటది. కోసినంక గాలీ వెలుగూ తాకుతుంటే మెల్లగ ముదురుతది. దాని గుణమే అంత."

"చెక్కకు గుణమేంది," అన్నాడు వినాయక్ విసుగ్గా, గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు నిమిషాల్లో గురక మొదలైంది. పాపం, పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడు. అతనితో పోట్లాడే ఓపిక ఆమెకూ లేదు.

అడగాల్సిన ప్రశ్న అతను అడగలేదు. చెక్క ముదురుతుందని నీకు ముందే తెలిస్తే, సాకర్‌పుడా నాడే, నిశ్చితార్థంలోనే ఎందుకు చెప్పలేదు?

ఆ రోజు పీటలు బయటికి తీసినప్పుడు చుట్టాలంతా ఒక్కసారి ఆగిపోయి చూశారు. అప్పుడే కలిపిన కుంకుమలా ఉన్నాయి. లేత్ మీద తిప్పిన ఎనిమిది పొట్టి కాళ్లు, నున్నటి పలకలు. సుందరాబాయి వేళ్లతో నిమిరి, "ఎంత సక్కగ చేసినవ్ బిడ్డా. ఈ రంగు ఇట్లనే ఉంటదా?" అని అడిగింది.

స్వాతి నవ్వి, "ఉంటది చిన్నమ్మా," అన్నది.

రెండే మాటలు. వాటి బరువు ఇప్పుడు తెలుస్తోంది.

ఎండ నడినెత్తి మీదికి వచ్చే వేళకు ఆటో ఆగింది. సుందరాబాయి గొడుగు మడిచి లోపలికి వచ్చింది. బాలమణి చాప వేసి నీళ్లిచ్చింది. వచ్చినామె నీళ్లు తాగలేదు. గ్లాసు పక్కన పెట్టుకుంది.

"కూసో వదినె," అంది బాలమణి.

"కూసోనీకి రాలే. మా అనికేత్ రాత్రంత నిద్రపోలే. చుట్టాలల్ల అప్పుడే మాటలు నడుస్తున్నయి. మీ పిల్ల మంచిదే. నౌకరీ ఇడిసిపెట్టుమంటే మారు మాట్లాడలే." ఋతుజ వైపు తిరిగింది. "ఇడిసినవా బిడ్డా? రాసిచ్చినవా?"

"నెలాఖరుకు ఇస్తనత్తమ్మా," అంది ఋతుజ ఫోన్ మీంచి తల ఎత్తకుండా.

"చూసినవా? పిల్ల మీద నాకేం శికాయత్ లేదు. కానీ మొదటి సామానే ఖోటా ఇస్తే ముందు ముందు ఏం భరోసా?"

"ఖోటా కాదు చిన్నమ్మా," అంది స్వాతి.

"మరి ఇదేంది?" సుందరాబాయి కాలి బొటనవేలితో తెల్లగుడ్డను జరిపింది. "తెల్లగుడ్డ అబద్ధం చెప్తదా?"

ఆ ప్రశ్నకు ఈ పేట్‌లో ఎవరూ ఎదురు చెప్పలేరు. నూలుకు పరీక్ష తెల్లగుడ్డ. రుద్దితే మరకయిందా, కచ్చా. కాలేదా, పక్కా. మధ్యలో ఇంకో మాట లేదు. నిన్న బాలయ్య నోరు మూయించింది కూడా సుందరాబాయి అరుపులు కాదు, ఈ గుడ్డే.

షెడ్డు వైపు తలుపు చప్పుడైంది. బాలయ్య వచ్చాడు. రాత్రి నుంచి అక్కడే స్టూలు మీద కూర్చున్నట్టున్నాడు. ఎవరినీ పలకరించకుండా పీటల ముందు గొంతుక్కూర్చుని, మొదటిసారి వాటిని దగ్గరగా చూశాడు.

రెండు పీటలూ ముదురు గోధుమ రంగులోకి తిరిగాయి. ఒకదాని మూల ఇంకా నల్లగా ఉంది. ఒక్కోదానికి నడుమ పసుపు నూలు ఏడు చుట్లు చుట్టి ఉంది. అది సుందరాబాయి ఇంటి పద్ధతి. అమ్మాయి ఇంటి నుంచి పీటలు వచ్చిన నాడే పసుపు నూలు చుడతారు, మళ్లీ పెళ్లి నాడే విప్పుతారు.

బాలయ్య నూలు ముడిని రెండు వేళ్లతో విడదీసి చూశాడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చూశాడు.

"చెల్లె," అన్నాడు. పొద్దుటి నుంచి ఆయన నోటివెంట వచ్చిన మొదటి మాట అదే. "పీటలు కడిగినవా?"

"ఊరికె తడిగుడ్డతోని తుడిచిన."

"ఉత్త తడిగుడ్డ కాదు. పసుపు నూలు పైపైన ఎండకు ఎలిసింది. ముడి లోపల ఎర్రగుంది. పసుపు ఎప్పుడు ఎర్రబడ్తది? సబ్బో సోడానో తాకితే."

సుందరాబాయి గ్లాసు తీసుకుని ఇప్పుడు నీళ్లు తాగింది.

"సోడా సబ్బు పెట్టిన," అంది. "మీ మీద షక్ పడి కాదు అన్నా, నా బిడ్డ మీద ఒట్టు. మా ఇంట్ల కొత్త నూలు ఏది వచ్చినా సబ్బునీళ్లల్ల పెట్టి, తెల్లగుడ్డతోని రాకి చూస్తం. అత్త నేర్పిన అలవాటు. ఎర్రగ కనవడంగనే చేతులు ఊకోలే. గుడ్డకంటితే కొత్తది ఒక్కపారి ఇడుస్తదిలే అనుకున్న, నల్లగయినంక నమ్మలే."

"ఎండల పెట్టినవా?"

"తడిసింది ఎండొద్దా? డాబా మీద పెట్టిన."

"ఎన్ని దినాలు?"

"ఏమో, ఇరవై దినాలు. వడియాల పక్కన పెట్టి మర్చిపోయిన."

చాట వెనకాల బాలమణికి నవ్వు వచ్చి దగ్గులా మార్చుకుంది. పెళ్లిపీటను నూలు లడిలా ఉతికి, వడియాలతో పాటు ఎండబెట్టడం సోలాపూర్ సాలె ఇంట్లో తప్ప ఇంకెక్కడ జరుగుతుంది. అయినా ఎవరిని తప్పు పట్టాలి? బాలమణి అయినా అదే చేసేది.

"సబ్బు పెట్టినా పక్కా రంగు ఇడవొద్దు కద అన్నా," అంది సుందరాబాయి, పోయిన మాట మళ్లీ అందిపుచ్చుకుంటూ. "నలభై ఏండ్లు నువ్వు చెప్పింది అదే."

బాలయ్య తల వంచుకున్నాడు. "అవును. నేను చెప్పింది అదే."

సబ్బు బయటపడినా మరక మరకే. మామ మనసులో నూలు తప్ప ఇంకోటి లేదు. గోడ గడియారం ఒంటిగంట దాటింది.

"చిన్నమ్మా, మీరు పాన్‌ల కాచు ఏసుకుంటరు కద," అంది.

"ఏసుకుంట. అయితే?"

"కాచు చండ్ర చెక్కను ఉడకవెట్టి తీస్తరు. నోరు ఎర్రగయితది. తెల్లగుడ్డ మీద పడితే మరక పోదు. మరి ఆ చెట్టుకు రంగు ఎవరేసిన్రు?"

బాలయ్య మెల్లగా తల ఎత్తాడు. ఆయన తాత కాలంలో చెట్ల బెరళ్లు ఉడకబెట్టే నూలుకు రంగులు దించేవారు. ఆ సంగతి ఈ ఇంట్లో ఆయనకు తప్ప ఎవరికీ గుర్తులేదు. చెక్కలో రంగుంటుందని తెలిసిన మనిషి, నిన్న తెల్లగుడ్డ చూడగానే అది మర్చిపోయాడు.

"దీని లోపల సుత అట్లనే ఉన్నది మామా. నేను పూసింది కాదు, పుట్టుకతోని వచ్చింది. నమ్మకం లేకుంటే ఆ నూలు విప్పున్రి."

"పెండ్లికి ముందు విప్పొద్దు," అంది సుందరాబాయి.

"పెండ్లే ఒద్దన్నంక విప్పితే ఏంది వదినె," అంది బాలమణి. అంత సూటి మాట ఆమె నోట వస్తుందని ఎవరూ అనుకోలేదు.

బాలయ్య ఇంకెవరినీ అడగలేదు. ముడి కొస పట్టి లాగాడు. రంగుల వాళ్ల చేతికి ముడి ఒక లెక్క కాదు. ఏడు చుట్లూ విడిపోయి నూలు ఆయన వేళ్లకు చుట్టుకుంది.

నూలు ఉన్నచోట చెక్క మీద ఏడు గీతలున్నాయి. సాకర్‌పుడా నాటి రంగు. అటూ ఇటూ గోధుమ రంగు ముదిరిపోయి ఉంటే, నడుమ ఆ ఏడు గీతలు మాత్రం నిన్ననో మొన్ననో కోసినంత ఎర్రగా ఉన్నాయి.

ఋతుజ ఫోన్ పక్కన పెట్టి లేచి వచ్చింది.

బాలయ్య రెండో పీట నూలు కూడా విప్పాడు. అక్కడా అంతే. వేలికి ఉమ్మి తడి చేసి ఒక గీత మీద రుద్దాడు. రంగు పూత అయితే అంచులు అలికినట్టుండాలి. ఇక్కడ అంచు నూలు పోగంత సన్నగా, తేటగా ఉంది.

"పూత కాదు," అన్నాడు. "వెలుగు తాకిన కాడ ముదిరింది. నూలు కింద ముదరలే."

బాలమణి రెండు చేతులూ జోడించింది. "మన సాలోళ్ల మార్కండేయుని నూలు వదినె. నూలున్నంత మేర కుంకుమ నిలిచింది. చెడ్డ శకునం కాదు, మంచి శకునమే."

సుందరాబాయి వంగి చూసింది. ముఖంలో బిగువు కొంత సడలింది. ఆమె కూడా అలిసిపోయింది. కుదిరిన సంబంధం చెడగొట్టుకోవాలని ఏ తల్లికీ ఉండదు. మర్యాద పోకుండా వెనక్కి తగ్గే దారి కోసం రాత్రంతా ఆమె కూడా వెతికి ఉంటుంది.

"గిట్లయితే ఏం లేదు," అంది. "పెండ్లికి కొత్తయి రెండు చేయమను. ఎండల పెట్టను, సబ్బు పెట్టను, చద్దర్ల కట్టి దాస్త. ఎర్రగనే ఉంటయి కద? మా ఇంట్ల ఇక ఎప్పటికీ అట్లనే ఉంటయి కద?"

అందరూ స్వాతి వైపు చూశారు. వినాయక్ ఎప్పుడు లేచాడో, మంచం మీద కూర్చుని అతనూ చూస్తున్నాడు. ఉంటయి అనమని అతని కళ్లు బతిమాలుతున్నాయి. బాలమణి అయితే కోడలి తరఫున తనే తల ఊపేస్తోంది.

ఒక్క మాట అంటే అయిపోతుంది. టెంపో ఖాళీగా వెళ్తుంది. లేత్ ఉంటుంది. పెళ్లి జరుగుతుంది. పీటలు నల్లబడేసరికి ఎవరి సంసారంలో వాళ్లు పడిపోతారు, పీటల రంగు ఎవరు చూడొచ్చారు.

ముందు కూడా ఒక్క మాటే అన్నది తను.

"ఉండయి చిన్నమ్మా," అంది స్వాతి.

"ఏంది?"

"దాచిపెట్టినన్ని దినాలు ఉంటది. బయటికి తీసినంక మెల్లగ మారుతది. ఎండ తగలకున్నా ఇంట్ల వెలుగుకే మారుతది. ఈ గీతలు సుత నూలు విప్పినం కద, ఇగ నెల దినాలల్ల మిగిలిన చెక్కల కలిసిపోతయి. ఏ పీట చేసినా ఆఖరుకు ఈ రంగే."

బాలమణి నొసలు కొట్టుకుంది. వినాయక్ మళ్లీ పడుకున్నాడు.

"ఇది నీకు ఎప్పుడెరుక?" అడిగాడు బాలయ్య.

"మొదటి సంది ఎరుకే మామా. మా నాయిన చెప్పిండు."

"నేను అడిగిన కద ఆ దినం," అంది సుందరాబాయి. గొంతులో ఇప్పుడు కోపం కంటే నొచ్చుకోవడమే ఎక్కువ. "ఇట్లనే ఉంటదా అని నోరిడిసి అడిగిన."

"అడిగిన్రు. ఉంటదని అబద్ధం చెప్పిన." స్వాతి చీర కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "నేను చేసినదాన్ని సక్కగ ఉన్నదని ఈ ఇంట్ల ఎవరన్న అన్నది ఆ ఒక్కనాడే. మీరు అట్ల నిమురుతుంటే నోరు రాలే."

బయట టెంపో హారన్ మోగింది. మంగేశ్ గడప దగ్గరికి వచ్చి, లోపలి ముఖాలు చూసి, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"క్యా కర్నా మామా? లేత్ ఎత్తాల్నా?"

బాలయ్య వినిపించుకోలేదు. వేళ్లకున్న నూలు విప్పి పీట మీద పెట్టాడు. సుందరాబాయి వైపు చూశాడు. సంబంధం ఆమె చేతిలో ఉంది. లేత్ సంగతి ఆమె మాట మీద ఉంది.

సుందరాబాయి గొడుగు తీసుకుంది. మళ్లీ కింద పెట్టింది.

"మీ కార్ఖానాల కొత్త రంగు దించితే ఏం చేస్తుంటిరి అన్నా?" అంది.

"లడిని రెండు చేస్తుంటిమి. నమూనా ఒకటి మా తాన, ఒకటి కొన్నోని తాన."

"నేను గదే చేస్త. ఒక పీట నేను తీస్కపోత. ఒకటి ఈన్నే ఉండని. సబ్బు లేదు, డాబా లేదు. ఇంట్ల నలుగురు తిరిగే కాడ పెడత. మీరు సుత అట్లనే పెట్టున్రి. నెలకు రెండు ఒక్క తాన పెట్టి చూద్దాం. రెండిట్ల గీతలు కలిసిపోయి, రెండు ఒక్క రంగయితే నీ కోడలు చెప్పింది నిజం. జ్యేష్ఠంల పెండ్లి. ఒకదాంట్ల గీతలు పోయి ఇంకోదాంట్ల ఉంటే మాత్రం నా ఇంటికి మీ మాట ఒద్దు, మీ పిల్ల ఒద్దు."

"మంచిది," అన్నాడు బాలయ్య. తర్వాత కోడలితో, చాలా మెల్లగా, "అప్పటిదాక లేత్ ముట్టొద్దు. పీటల రంగు ఒక్కటయితే నువ్వు తిప్పుకో, నేనడ్డం రాను. కాకుంటే మంగేశ్‌ను పిలుస్త. అప్పుడు ఎవ్వరు అడ్డం రావద్దు."

స్వాతి తల ఊపింది. భయం లేదు. చెక్క సంగతి ఆమెకు తెలుసు. చెక్క మాట తప్పదు.

సుందరాబాయి ఒక పీట చంకలో పెట్టుకుని ఆటో ఎక్కింది. టెంపో ఖాళీగా వెళ్లింది. బాలయ్య షెడ్డుకు తాళం వేసి, తాళంచెవి నడిమింట్లో మేకుకు తగిలించాడు. కాళ్లు కడుక్కొని వచ్చి కూర్చుని, "బువ్వ పెట్టు," అన్నాడు. స్వాతి వడ్డిస్తుంటే ఆయన చేయి అడ్డం పెట్టలేదు. రెండుసార్లు పెట్టించుకున్నాడు.

మధ్యాహ్నం ఎండకు ఇల్లు సద్దుమణిగింది. బాలయ్య, వినాయక్ నిద్రపోయారు. బాలమణి చుట్టిన బీడీలు పట్టుకుని బీడీ కంపెనీకి వెళ్లింది. స్వాతి గిన్నెలు తోమి, చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చింది. నిన్నటి నుంచి మొదటిసారి కాస్త నడుం వాల్చాలనిపించింది.

ఋతుజ పీట ఒళ్లో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. చేతిలో పసుపు నూలు. బాలయ్య విప్పి పెట్టిన నూలే. దాన్ని పీటకు చుడుతోంది. ఒక్కో చుట్టునూ గోటితో జరిపి, ఒక్కో ఎర్రగీత మీద సరిగ్గా కూర్చోబెడుతోంది. సాలెవాళ్ల పిల్ల, పోగు వెంట్రుకవాసి కూడా పక్కకు పోవడం లేదు. అప్పటికి ఐదు చుట్లు అయ్యాయి.

"ఏం చేస్తున్నవ్?" అంది స్వాతి. ఏం చేస్తోందో చూస్తూనే ఉంది.

"నూలుంటే గీతలు పోవు కద వదినా?"

"పోవు."

"అక్కడిదాంట్ల పోతయి."

"పోతయి."

"నెలకు రెండు ఒక్క తాన పెడితే వేరే వేరే కనవడ్తయి." ఋతుజ ఆరో చుట్టు తిప్పింది. "నేనే చుడత, నేనే విప్పుత, వాళ్లు వచ్చే నాడు పొద్దున. పీటను మేకు కింద మూలకు పెట్టి నా బట్టలేసి కప్పుత. నాన్న రోజు చూస్తడా ఏంది."

"పిచ్చిదానా, సంబంధం పోతది."

"నౌకరీ ఇడుస్తవా అని అడిగిన్రు అందరు. పెండ్లి చేసుకుంటవా అని నన్ను ఎవరడిగిన్రు వదినా? నేను గీసిన డిజైన్ చద్దరు ఈ నెల బయటికొచ్చింది. ఇంట్ల ఎవరికన్న చూపెట్టిన్నా? చూపెడితే ఎవరన్న చూస్తరా?"

మధ్యాహ్నం స్వాతి సుందరాబాయితో అన్నదీ ఇదే మాట.

"నీ లేత్ పోతది. నాకెరుకే," అంది ఋతుజ. ఏడో చుట్టు పూర్తయింది. రెండు కొసలూ పట్టుకుని తల ఎత్తి చూసింది. "అది ఇంట్లకు రానీకి మూడు వారాలు నాన్నతోని కొట్లాడిన. గుర్తున్నదా? నేను నిన్ను ఒక్క నెల అడుగుతున్న. ముడెయ్యాలంటే వేలు అడ్డం పెట్టాలె వదినా. పెడ్తవా?"

గోడ మేకుకు షెడ్డు తాళంచెవి వేలాడుతోంది. స్వాతి ఋతుజ ఎదురుగా కూర్చుంది. చేయి ముందుకు చాచింది. ఆ వేలు ముడి మీద పెట్టాలో, కొస పట్టి లాగాలో ఆమెకు ఇంకా తెలియడం లేదు.